నల్లదారం కట్టిన సంచి

నేను జీతానికి అలలు పుట్టించే మనిషిని. కోస్ట్ గార్డ్ అకాడమీలో శిక్షణ కొలను పక్కన అద్దాల గది ఒకటి ఉంది. అందులో కూర్చుని ఒక మీట నొక్కితే అల, ఇంకోటి నొక్కితే వాన, మూడోది నొక్కితే గాలి. దీపాలు కూడా ఆర్పేస్తే పట్టపగలే నడిసముద్రంలో తుఫాను తయారు. పద్దెనిమిదేళ్ళుగా కేప్ బ్రెటన్ దీవిలోని సరంగులందరిచేతా మూడు చెరువుల నీళ్ళు తాగించాను. చర్చిలో ఎదురుపడితే వాళ్ళు నావైపు చూసే చూపే వేరు. నా సంగతి అలా ఉంచండి. నేను చెప్పదలుచుకున్నది మర్డీనా గురించి.

మర్డీనా ఫెర్గసన్ మా అకాడమీలో సముద్ర భద్రత నేర్పుతుంది. ఇలాంటి పనిలో ఉన్న ఆడమనిషి అనగానే కొత్తవాళ్ళు మనసులో ఒక కథ అల్లేసుకుంటారు. మొగుడు మునిగిపోయి ఉంటాడు, లేకపోతే తమ్ముడో కొడుకో పోయి ఉంటాడు, పాపం ఆ బాధతోనే ఇందులోకి వచ్చిందని. అలాంటిదేమీ లేదు. వాళ్ళ నాన్న ఎనభై నాలుగో ఏట తన మంచం మీదే, భోంచేసి పడుకుని పోయాడు. మొగుడు ఇళ్ళల్లో బాయిలర్లు బాగుచేస్తాడు, పడవ బొమ్మ చూస్తేనే వాంతి చేసుకునే రకం. మర్డీనాకి ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. ఏది చూసినా అది అలా ఎందుకుందో తెలియాలి. తెలిసేదాకా నిద్ర పట్టదు, పక్కవాళ్ళని పట్టనివ్వదు.

మొదట్లో ఆవిడ మా క్యాంటీన్‌లో రొట్టెలు కాల్చేది. ఒకరోజు మునిగిపోయినవాడి బదులు వాడే బొమ్మ చిరిగి ఇసుకంతా కారిపోయింది. "ఎవరైనా ఒక గంట శవంలా పడుకోండయ్యా" అని శిక్షకుడు బతిమాలితే, పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చి మర్డీనా నీళ్ళల్లో పడుకుంది. కుర్ర నావికులు ఆవిడని ఈడ్చుకొచ్చి గట్టుమీద పడేశారు. శవం కళ్ళు తెరిచింది. "తల కింద చెయ్యి ఎందుకు పెట్టలేదు నాయనా? నేను చచ్చిపోయానని నీకెవరు చెప్పారు?" అని అడిగింది.  మర్నాడు కూడా శవంగా ఆవిణ్ణే పిలిచారు. రెండేళ్ళు తిరిగేసరికి పరీక్షలన్నీ రాసి తనే శిక్షకురాలైంది.

నేర్పడం సగం పనే. మిగతా సగం రేవులు తిరగడం. పడవల్లో ఏం లోటుందో చూసి సరిచెయ్యడం. అకాడమీ కాగితాల్లో దాని పేరు సలహా సేవలు. మర్డీనా మాత్రం "టీ తాగొస్తా" అని చెప్పి, డబ్బాలో తను కాల్చిన ఓట్‌కేకులు వేసుకుని బయల్దేరుతుంది.

ముప్ఫై నలభై ఏళ్ళు వేటచేసిన సరంగుకి భద్రత గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అందుకే ఆవిడ చెప్పదు, అడుగుతుంది. కెల్ప్ కోవ్ రేవులో ఏ పడవ చూసినా ప్రాణాలు కాపాడే, గాలి నింపుకునే రబ్బరు తెప్పకి తాళ్ళతో ఇంకో రెండు చుట్లు బిగించి ఉండేవి. పడవ మునిగితే తెప్ప తనంతట తాను ఊడి పైకి తేలాలి. అలా బిగిస్తే పడవతోపాటే అడుగుకి పోతుంది. రాజధాని నుంచి వచ్చిన నిపుణుడొకడు దీనిమీద నలభై పేజీలు రాసిపోయాడు. ఒక్క ముడి వదులైతే ఒట్టు. మర్డీనా వెళ్ళి ఎరల బకెట్ బోర్లించుకుని కూర్చుని, "ఇంత గట్టిగా ఎందుకు కట్టారయ్యా?" అంది.  నాలుగో ఓట్‌కేకు దగ్గర ఒకాయన నోరు విప్పాడు. ఎప్పుడో గాలివానకి ఒక తెప్ప ఎగిరిపోయి, పాదిరీగారి వంటింటి కిటికీలోంచి దూరి, అక్కడే బుస్సుమని గాలి నింపుకుని కూర్చుందట. ఆ తెప్ప తాలూకు సరంగు పోయి ఇరవయ్యేళ్ళైనా వాళ్ళ మనవల్ని ఊళ్ళో ఇంకా 'తెప్పోళ్ళు' అనే పిలుస్తారు. మునిగిపోతామన్న భయం కంటే ఆ పేరు పడుతుందన్న భయం పెద్దది. మర్డీనా అరగంట నవ్వింది. వారం తిరక్కుండా గాలికి ఊడని, నీళ్ళల్లో మునిగితే మాత్రం వదిలేసే కొక్కేలు తెచ్చి బిగించింది. తాళ్ళన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఊడొచ్చాయి.

ఆ రేవులోనే ఉంటాడు హెక్టర్ మెక్లీన్. మా దీవిలో మనుషులు ఎక్కువ, పేర్లు తక్కువ. కెల్ప్ కోవ్‌లోనే నలుగురు హెక్టర్ మెక్లీన్‌లు ఉన్నారు కాబట్టి ఈయన్ని 'రేపు హెక్టర్' అంటారు. ఏ పని చెప్పినా రేపు అనడం ఆయన అలవాటు. అరవై ఆరేళ్ళు. కళాసీగా పెళ్ళాం బెర్నానే పడవెక్కించుకుని ముప్ఫై ఏళ్ళుగా పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్ల వేటకి వెళ్తున్నాడు. శిక్షణకి రమ్మంటే ఆరేళ్ళుగా రేపు అనే అన్నాడు. ఆ వసంతంలో మాత్రం రూలు గట్టిగా వచ్చింది. భద్రత శిక్షణ కాగితం చేతిలో లేనివాళ్ళు శనివారంనాడు లాబ్‌స్టర్లు పట్టే బోనులు సముద్రంలోకి దించడానికి వీల్లేదు. దించే రోజు తప్పితే ఆ ఏడాది వేట పోయినట్టే. పైగా రేవులో మిగిలిన ఏడు పడవలవాళ్ళూ పెద్దాయన వెళ్తేనే మేమూ అని కూర్చున్నారు.

ఆదివారం మర్డీనాతో నేనూ వెళ్ళాను, ఓట్‌కేకుల కోసమే అనుకోండి. హెక్టర్ తన పడవలో రెండు ఎర్ర సంచుల్లో ఒకదానిమీద కూర్చుని తాడు అల్లుకుంటున్నాడు. ఆ సంచుల్లో ఉండేవి రబ్బరు సూట్లు. తల నుంచి కాలి వేళ్ళదాకా మూసేసి, మంచునీళ్ళల్లో మనిషిని కొన్ని గంటలపాటు బతికించేవి. నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు గానీ, మే నెలలో మా నీళ్ళల్లో మునిగి చూసినవాడు ఆ సామెత వాడడు.

"బుధవారం రావాలి హెక్టర్. మీ సూట్లు మీరే తెచ్చుకోవాలి" అంది మర్డీనా.

"మీ దగ్గర సూట్లకి కరువొచ్చిందా?"

"మా సూటు నీ పడవలో ఉండదుగా. నీది నీకు సరిపోతుందో లేదో చూడొద్దూ?"

"చూద్దాంలే. రేపు చెప్తా."

కేబిన్‌లోంచి బెర్నా తల బయటపెట్టింది. "ఈయన రేపులకి క్యాలెండర్ చాలదు గానీ, బుధవారం వస్తాం మర్డీనా. నేను తీసుకొస్తా. రానంటే బోనులో వేసి తెస్తా."

మర్డీనాతో కారులో తిరిగొస్తున్నాం. సగం దారిలో, "ఆ పడవలో ప్రతి వస్తువూ అరిగిపోయి ఉంది, చూశావా అలిస్టర్? గరిటెతో సహా. ఆ రెండు సంచులు మాత్రం ఎవరూ ముట్టుకోనట్టున్నాయి. ఎందుకు?" అంది.

"తనిఖీకొచ్చేవాళ్ళ కోసం దాచుంటాడు. వాళ్ళు సంచులు లెక్కెట్టుకుని పోతారుగా" అన్నాను.

"ఒక సంచి పిడికి నల్లదారం కట్టుంది. అదెందుకు?"

"నాకేం తెలుసు తల్లీ, నేను అలలవాణ్ణి" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

బుధవారం పదిహేనుమంది వచ్చారు. హెక్టర్ రెండు సంచులూ రెండు చంకల్లో పెట్టుకుని, పెళ్ళికి ఇష్టంలేని పెళ్ళికొడుకులా వచ్చి మూల నిలబడ్డాడు. మిగతావాళ్ళు సంచులు విప్పారు. ఒకదాంట్లోంచి ఎలుక గూడు, ఇంకోదాంట్లోంచి పాత క్రిస్మస్ కేకు ముక్క బయటపడ్డాయి. ఒకటే నవ్వులు. హెక్టర్ వంతు వచ్చేసరికి, "మావి తర్వాత" అన్నాడు.

టీ విరామంలో ఆయన మెల్లగా నా అద్దాల గదిలోకి వచ్చాడు. మర్డీనా అక్కడే ఉంది. తలుపు మూశాడు.

"మర్డీనా, నాకు అకాడమీ సూటు ఒకటి ఇప్పించు. గొడవ లేకుండా అయిపోతుంది."

"ఎందుకు?"

 "నా సూటు జిప్పు పట్టేసింది. ఉప్పుకి పచ్చగా తుప్పు పట్టి కదలదు. పన్నెండేళ్ళైంది."

 పన్నెండు వేటకాలాలు ఈ మనిషి ఉత్త సంచి పక్కన పెట్టుకుని సముద్రం మీదికెళ్ళాడు!

"కొత్తది ఎందుకు కొనలేదు?" అంది మర్డీనా. ఆ గొంతులో తిట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"కొంటే బెర్నా ఎందుకని అడుగుతుంది. ఇన్నాళ్ళూ సూటు లేకుండా వచ్చావా అంటుంది. అంతటితో ఊరుకుంటుందా? ఇక పడవెక్కదు, నన్నూ ఎక్కనివ్వదు. మొదటి ఏడాది రేపు చెప్దాంలే అనుకున్నా. తర్వాత ఏమని చెప్తాను? అందుకే పాడైనదానికి గుర్తుగా దారం కట్టా. ఏటా అది నా వైపు పెట్టుకుని, బాగున్నది కేబిన్‌లో తన పరుపు కింద పెడతా. తనకి చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

"చెప్పను. ఆ దారం నువ్వే కట్టావా?"

"నేనే."

"నువ్వు ఎడంచేతివాడివి కదూ?"

"అవును. ఎందుకు?"

"ఊరికే" అంది మర్డీనా. ఆ 'ఊరికే' నాకు బాగా తెలుసు. అది విన్నాక నిద్ర ఉండదు. "అకాడమీ సూటు మధ్యాహ్నం ఇస్తాలే. ముందు నీ సంచులతో ఒక్క డ్రిల్లు చెయ్యాలి. చీకట్లో ఎవరూ ఏమీ చూడరు" అని ఆయన్ని పంపించింది.

మా కొలను మీద ఇనుప గొలుసులకి వేలాడే పడవ డెక్కు ఒకటి ఉంది. నేను మీట నొక్కితే అది ఒకవైపుకి ఒరిగి నెమ్మదిగా నీళ్ళల్లోకి దిగుతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరికీ మామూలు లైఫ్‌జాకెట్లు తొడిగి, సంచులిచ్చి దానిమీద నిలబెట్టాం. కింద నీళ్ళల్లో ఇద్దరు ఈతగాళ్ళు కాపలా. మర్డీనా గట్టుమీద గడియారం పట్టుకుంది. "రెండు నిమిషాలు. గంట మోగగానే సంచి విప్పి సూటు వేసుకోవాలి" అంది. నేను దీపాలు ఆర్పి గంట కొట్టాను. గాలి, వాన, అల, మూడూ వదిలాను. ఒక్క ఎర్ర దీపం మాత్రం వెలుగుతోంది.

హెక్టర్ నల్లదారం సంచి లాక్కున్నాడు. బెర్నా రెండోది తీసుకుంది. సరిగ్గా ఆయన అనుకున్నట్టే. విప్పుతున్నట్టు కాసేపు నటిస్తే సరిపోతుందనుకున్నాడు కాబోలు, సూటు బయటికి లాగి జిప్పు మీద చెయ్యి వేశాడు. జిప్పు జర్రుమని కిందిదాకా జారింది.

ఆయన అలాగే నిలబడిపోయాడు. చేతిలో తెరుచుకున్న సూటు, మొహం మీద వాన. తర్వాత మెల్లగా బెర్నా వైపు తిరిగాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, కదలని జిప్పుతో కుస్తీ పడుతోంది. కుస్తీ కూడా కాదు, పడుతున్నట్టు నటిస్తోంది. మొగుడు ముందు సూటు వేసుకోవాలని.

"ఇదేంటే!" అని అరిచాడు హెక్టర్. "ఇది నీది! ఇదిగో, వేసుకో!"

"నాది నా దగ్గరుంది. నువ్వు వేసుకో ముందు!"

"అది పాడైంది!"

"తెలుసు!"

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఎనిమిదేళ్ళ నుంచి! ఈ దారమేంటా అని విప్పి చూశా. దారం తీసి మంచిదానికి నేనే కట్టా. వేసుకోవయ్యా, నీళ్ళొస్తున్నాయి!"

నాకు అప్పుడు అర్థమైంది. ఆ దారం ముడి ఎడంచేతివాడు వేసింది కాదు. మర్డీనా దాన్ని ఆదివారమే చూసింది. ఎనిమిదేళ్ళుగా ఆయన పాడైనదనుకుని మంచి సూటు తన పక్కన పెట్టుకుంటున్నాడు. ఆవిడ తెలిసే పాడైనది తన పరుపు కింద పెట్టుకుంటోంది.

హెక్టర్ సూటుని ఆవిడ ఒళ్ళోకి విసిరాడు. ఆవిడ తిప్పి కొట్టింది. ఆయన బలవంతంగా ఆవిడ కాలు పట్టుకుని అందులో దూర్చబోయాడు. ఆవిడ తన్నింది. డెక్కు ఒరిగింది, నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నేను మీట ఆపబోతూ మర్డీనా వైపు చూశాను. ఆపొద్దని తల అడ్డంగా ఊపింది. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ఇద్దరూ ఒకే సూటు చెరోపక్కా పట్టుకుని, ఒకరిమీద ఒకరు అరుచుకుంటూ ఉన్నారు.

మర్డీనా చెయ్యెత్తాక గంట కొట్టాను. దీపాలు వేశాను.

"మూడు నిమిషాల పది సెకన్లు" అంది మర్డీనా. "పడవ లేదు. హెక్టర్ లేడు. బెర్నా లేదు. మంచి సూటు ఒకటి మాత్రం ఖాళీగా తేలుతోంది."

చూస్తున్న పదమూడుమందిలో ఒక్కరూ నవ్వలేదు. ఎవరి పెళ్ళాం, ఎవరి అన్న, ఎవరి కళాసీ వాళ్ళకి గుర్తొచ్చినట్టుంది.

మర్డీనా వాళ్ళని గట్టుమీద కూర్చోబెట్టి దుప్పట్లు కప్పింది, టీ ఇచ్చింది. తనూ వాళ్ళ ఎదురుగా తడి నేలమీద చతికిలపడింది. "నాకు తెలియక అడుగుతున్నా. ఒకరికోసం ఒకరు చావడానికి సిద్ధపడ్డవాళ్ళు, ఒక్క మాట ఎందుకు చెప్పుకోలేదు?"

బెర్నా ముక్కు తుడుచుకుంది. "చెప్తే నన్ను ఒడ్డున కూర్చోబెట్టి ఒక్కడే పోతాడు. ముప్ఫై ఏళ్ళు ఈయనతో సముద్రం మీద తిరిగాక, ఇంట్లో కూర్చుని కిటికీలోంచి చూడమంటావా నన్ను?"

హెక్టర్ ఆవిడ వైపు వింతగా చూశాడు. "నేనూ అదే అనుకున్నా. చెప్తే ఇక నువ్వు రావనుకున్నా. నువ్వు లేకుండా నేను ఆ పడవలో ఏం చెయ్యను?"

"ఏం చేస్తావు, నీ టీ నువ్వు పెట్టుకుంటావు" అంది బెర్నా. అని ఏడ్చేసింది. ఆయనా ఏడ్చాడు. నేను అద్దాల గదిలో ఉన్నాను కాబట్టి నన్నెవరూ చూడలేదు.

మర్డీనా ఇద్దర్నీ ఫెయిల్ చేసింది. జాలిపడి కాగితం మీద సంతకం పెడుతుందనుకున్నాను, పెట్టలేదు. సాయంత్రం తనే వాళ్ళని కారులో కొట్టుకి తీసుకెళ్ళి రెండో సూటు కొనిపించింది. పాడైనదాన్ని కత్తిరించి, ఆ జిప్పు ముక్కని తరగతి గోడకి మేకేసి కొట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ తర్వాత నుంచి మా దగ్గర ఒక పద్ధతి వచ్చింది. ఎవరి సంచి వాళ్ళు విప్పరు, పడవలో తోడు వచ్చేవాళ్ళే విప్పాలి.

శనివారం కెల్ప్ కోవ్ నుంచి ఎనిమిది పడవలూ బోనులు దించడానికి వెళ్ళాయి. అది అందరూ చూసిందే. నేను మర్చిపోలేనిది దానికి రెండ్రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం.

అదే డెక్కు, అదే వాన. ఇద్దరికీ మంచి సూట్లు. మర్డీనా పెట్టిన షరతు ఒకటే. "మీది మీరు వేసుకునేదాకా పక్కకి చూడకూడదు. చూస్తే మొదట్నుంచి మళ్ళీ."

మొదటిసారి హెక్టర్ ఒక కాలు దూర్చి బెర్నా వైపు తిరిగాడు. "మళ్ళీ" అంది మర్డీనా. రెండోసారి రెండు కాళ్ళూ ఒక చెయ్యీ దాకా వచ్చి తిరిగాడు. "మళ్ళీ." మూడోసారి నేను దీపాలు ఆర్పేలోపే తిరిగి చూశాడు. నలభై అడుగుల అలకి జంకని మనిషి, పెళ్ళాన్ని చూడకుండా రెండు నిమిషాలు ఉండలేకపోయాడు.

"నా వైపు చూశావంటే నేను ఈ జన్మలో నీ పడవెక్కను హెక్టర్!" అని బెర్నా అరిచింది.

నాలుగోసారి ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గంట కొట్టాను. వాన హోరులో ఆయన తడుముకుంటూ ఒక కాలు, రెండో కాలు, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి దూర్చి, టోపీ లాక్కుని, జిప్పు గడ్డం దాకా లాగాడు. ఒక నిమిషం నలభై సెకన్లు. అయిపోయినా కళ్ళు తెరవలేదు. చీకట్లోకి మొహం ఎత్తి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"బెర్నా, నీదయిందా?"

"అయింది. అయ్యాకే నీ వైపు తిరిగా" అంది ఆవిడ. "ఇక చూడొచ్చు, కళ్ళు తెరువు."